జూన్‌లో బ్యాగులు సరే.. మిగతా పది నెలలు ఎవరు? ఊరి బడికి వ్యాపారుల సాయం అసలు ఎలా అందాలంటే..

జూన్ రెండో వారం. బడులు తెరుచుకుంటాయి. ఆ వారంలో ఏ మండలానికి వెళ్లినా దాదాపు ఒకటే సీన్. గేటుకు ఫ్లెక్సీ. స్టేజీ మీద రైస్ మిల్లు ఓనరో, బంగారు షాపు యజమానో, రియల్ ఎస్టేట్ వ్యాపారో. పక్కన సర్పంచ్, ఎంఈవో, హెడ్‌మాస్టర్. ఎండలో వరుసగా నిలబడ్డ పిల్లల చేతుల్లో కొత్త బ్యాగులు. ఫొటో దిగుతారు, వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో చిన్న వార్త. అంతే, అయిపోయింది.

ఇందులో తప్పేం లేదు. కొత్త బ్యాగు దొరికిన పిల్లాడి సంతోషం నిజమే. కానీ ఒక్క విషయం ఆలోచించండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే కిట్‌లోనే బ్యాగు ఉంటోంది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, కిట్ మాత్రం కొనసాగుతోంది. అంటే ఉన్న బ్యాగు మీద ఇంకో బ్యాగు. మరోపక్క అదే బడిలో దాత ఎప్పుడో పెట్టించిన ఆర్వో ప్లాంట్‌కు ఫిల్టర్ మార్చేవాళ్లు ఉండరు. మోటార్ కాలిపోతే బాత్రూమ్‌లకు తాళం పడుతుంది. ఆ తాళం వల్ల ముందుగా బడి మానేసేది ఎవరో చెప్పక్కర్లేదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు.

ఊళ్లో డబ్బున్నవాళ్లకు సాయం చేయాలనే మనసు లేక కాదు ఈ సమస్య. ఇచ్చే డబ్బు ఒక్కరోజుది, బడి ఖర్చు ఏడాది పొడవునా ఉండేది. చిక్కంతా ఇక్కడే ఉంది. దీన్ని ఎలా విప్పాలో తెలియాలంటే ముందు చట్టం ఏం చెబుతోందో, తర్వాత మన పాతతరం వ్యాపారులు ఏం చేశారో చూడాలి.

సీఎస్ఆర్ దానం కాదు.. చట్టం

సీఎస్ఆర్ అనే మాట అందరికీ తెలుసు. రూల్ మాత్రం చాలామందికి తెలియదు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ఇది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు.. అంతకుముందు ఏడాదిలో ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ సీఎస్ఆర్ కిందకు వస్తుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి.

సింపుల్‌గా చెప్పాలంటే.. మీ జిల్లాలో ఒక ఫ్యాక్టరీ ఉంది. మూడేళ్ల సగటు లాభం 6 కోట్లు. అప్పుడు ఆ కంపెనీ ఏటా పెట్టాల్సింది 12 లక్షలు. పెద్ద కంపెనీల కోట్ల లెక్కతో పోలిస్తే ఇది చిన్నదే. ఒక ఊరి హైస్కూల్‌కు మాత్రం చాలా పెద్దది.

ఈ చట్టంలో ఊరికి పనికొచ్చే పాయింట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది.. కంపెనీ పనిచేసే చోటుకు, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే రాసి ఉంది. కానీ ఇది సూచన లాంటిదే తప్ప తప్పనిసరి కాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021లో క్లారిటీ ఇచ్చింది. అందుకే పొగ గొట్టం ఒక ఊళ్లో ఉంటుంది, సీఎస్ఆర్ డబ్బు ఇంకెక్కడో ఖర్చవుతుంది. రాష్ట్రాల వారీ లెక్కల్లో మహారాష్ట్ర ఎప్పుడూ ముందుండటం ఊరికే కాదు, పెద్ద కంపెనీల హెడ్డాఫీసులు అక్కడే ఎక్కువ. అడగని ఊరికి వెతుక్కుంటూ వచ్చి ఇచ్చేవాళ్లు తక్కువ. అడిగే ఊరికి మాత్రం ఆ లైన్ చూపించే హక్కు ఉంది.

రెండోది ఇంకా ముఖ్యం. సీఎస్ఆర్ అంటే ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునేదే కానక్కర్లేదు. మొదలుపెట్టిన ఏడాది కాకుండా మరో మూడేళ్ల వరకు సాగే పనిని 'కొనసాగుతున్న ప్రాజెక్టు'గా చూపించే వీలు రూల్స్‌లోనే ఉంది. ఆ ఏడాది ఖర్చవని డబ్బును విడిగా ఒక బ్యాంక్ ఖాతాలో ఉంచి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. అంటే ఆర్వో ప్లాంట్‌తో పాటు దాని మెయింటెనెన్స్, కంప్యూటర్లతో పాటు వాటిని నేర్పే మనిషి జీతం.. ఇవన్నీ ఒకే ప్రాజెక్టులో అడగొచ్చు. ఊళ్ల నుంచి వెళ్లే అర్జీల్లో 'కంప్యూటర్లు ఇప్పించగలరు' అని ఉంటుందే కానీ, నేర్పే మనిషి గురించి ఒక్క లైన్ కూడా కనిపించదు.

మూడోది లోగోల గోల. వ్యాపార ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్ఆర్ ఖర్చుగా లెక్కించరు. ఉద్యోగుల కుటుంబాలకే పరిమితమైన పని, రాజకీయ పార్టీలకు ఇచ్చే విరాళం కూడా లెక్కలోకి రావు. సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన గది, పెట్టిన యంత్రం కంపెనీ ఆస్తిగా ఉండకూడదని కూడా రూల్ ఉంది. ప్రభుత్వ బడిలో కడితే అది ప్రభుత్వానిదే.

మరి ఖర్చు పెట్టకపోతే? 2021 జనవరి 22 నుంచి రూల్స్ టైట్ అయ్యాయి. మిగిలిన డబ్బును గడువులోగా ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి నిర్దేశిత ఫండ్‌కు బదిలీ చేయాలి. చేయకపోతే ఆ మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది జరిమానా. సంబంధిత అధికారులకు వేరే జరిమానా. కాబట్టి కంపెనీలకు కూడా మంచి ప్రాజెక్టు కావాలి. చాలాచోట్ల వాళ్లకు అడిగేవాళ్లు దొరుకుతారు కానీ, లెక్కాపత్రంతో వచ్చేవాళ్లు దొరకరు.

మన షావుకారు ఈ లెక్కలోకి రాడు

అయితే ఊళ్లో కనిపించే వ్యాపారుల్లో ఎక్కువమందికి ఈ చట్టం వర్తించదు. కిరాణా హోల్‌సేల్, మార్కెట్ యార్డులో కమీషన్ వ్యాపారం, జిన్నింగ్ మిల్లు, కోల్డ్ స్టోరేజీ, రొయ్యల చెరువులు, బట్టల షాపు.. ఇవన్నీ చాలావరకు సొంత పేరు మీదో, పార్ట్‌నర్‌షిప్ మీదో నడిచేవి. కంపెనీగా రిజిస్టర్ కాని సంస్థకు సీఎస్ఆర్ లేదు. వీళ్లు ఇచ్చేది పూర్తిగా మనసు నుంచి వచ్చేదే.

పన్ను మినహాయింపు సంగతీ అంతంతమాత్రమే. 80జీ అని అందరూ పిలిచే మినహాయింపు కావాలంటే గుర్తింపు ఉన్న సంస్థకు ఇవ్వాలి. రూ.2,000 దాటితే నగదుగా ఇస్తే కుదరదు. వస్తువుల రూపంలో ఇచ్చినదానికి అసలు వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. అంటే బ్యాగులు, బెంచీలు కొనిచ్చిన షావుకారికి పన్నులో మిగిలేది సున్నా. అయినా ఇస్తున్నాడంటే ఆ ఊరి మీద, ఆ బడి మీద ఏదో మమకారం ఉన్నట్టే లెక్క. చాలామంది అదే బడిలో చదువుకున్నవాళ్లు. కొందరైతే మధ్యలో మానేసినవాళ్లు.

గనులు, క్వారీలు ఉన్న ప్రాంతాల్లో మాత్రం ఇంకో దారి ఉంది. జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. 2015లో వచ్చింది. గనుల లీజుదారులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీతో పాటు అందులో కొంత శాతం ఈ ట్రస్టుకు కూడా కట్టాలి. ఆ డబ్బు గనుల వల్ల నష్టపోయే ఊళ్లకే వాడాలి. ప్రాధాన్యం ఇవ్వాల్సిన పనుల జాబితాలో విద్య కూడా ఉంది. ఇది దయ కాదు, హక్కు. దుమ్ము తింటున్న ఊరి సర్పంచ్ అడగాల్సింది క్వారీ ఓనర్‌ను కాదు, కలెక్టరేట్‌లో.

కోరంగి నుంచి రంగూన్.. అక్కడి నుంచి కాకినాడ

వ్యాపారులు చదువుకు సాయం చేయడం నిన్న మొన్నటిది కాదు. కాకినాడ జగన్నాథపురం వైపు వెళ్తే ఎంఎస్ఎన్ చారిటీస్ కనిపిస్తుంది. హైస్కూల్, డిగ్రీ కాలేజీ ఆ పేరుతోనే ఉన్నాయి. ఆ మూడు అక్షరాల వెనకున్న మనిషి మల్లాడి సత్యలింగ నాయకర్. ఊరు కోరంగి. ఒకప్పుడు పెద్ద ఓడరేవు. అక్కడి నుంచి బర్మాకు కూలి పనులకు వెళ్లినవాళ్లు లెక్కలేనంతమంది. సత్యలింగ నాయకర్ కూడా అలాగే రంగూన్ వెళ్లారు. ఓడల్లో సరుకు ఎక్కించే, దించే పనుల కాంట్రాక్టుల్లో సంపాదించారు.

ఆ సంపాదన ఏం చేశారన్నదే ఇక్కడ పాయింట్. బడి భవనం కట్టించి పేరు చెక్కించుకుని ఊరుకోలేదు. ఆస్తిని చదువుకు, ధర్మకార్యాలకు చెందేలా వీలునామా రాశారు. భూములుంటే వాటి మీద ఏటా ఆదాయం వస్తుంది, ఆ ఆదాయంతో బడి నడుస్తుంది. అసలు అలాగే ఉంటుంది. ఆయన పోయి వందేళ్లు దాటినా, ఆ సంస్థ ఇప్పుడు దేవాదాయ శాఖ పర్యవేక్షణలోకి వెళ్లినా, ఆ పేరు మీద పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు. భూములతో నడిచే ట్రస్టులకు ఆక్రమణలు, కౌలు బకాయిల తలనొప్పి ఎక్కడైనా ఉండేదే. అయినా జూన్ బ్యాగుకు, దీనికి తేడా తెలిసిపోతూనే ఉంది.

తర్వాతి తరంలో పరిశ్రమ ఉన్న ఊళ్లోనే చదువు పెట్టే పద్ధతి వచ్చింది. తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్ర ప్రసాద్ 1947లో ఆంధ్రా షుగర్స్ మొదలుపెట్టారు. అదే ఊళ్లో ఆ కుటుంబం పేరు మీద పాలిటెక్నిక్ వచ్చింది. చక్కెర మిల్లుకు మెకానిక్‌లు, ఫిట్టర్లు కావాలి కదా. శ్రీకాకుళం వైపు రాజాంలో జనపనార మిల్లుతో మొదలైన జీఎంఆర్ గ్రూప్ 1997లో అక్కడే ఇంజినీరింగ్ కాలేజీ పెట్టింది. ఈ కాలేజీల్లో ఫీజులు ఉంటాయి కాబట్టి ఊరి ప్రాథమిక బడితో వీటిని పోల్చలేం. అయినా హైదరాబాద్‌లో కాకుండా సొంతూళ్లో పెట్టడం వల్ల ఎంతమంది ఆడపిల్లలకు ఇంటి నుంచి వెళ్లి చదువుకునే వీలు కలిగిందో ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లనే అడగాలి.

పిడికెడు బియ్యం, బస్తాకు ఇంత

కాకినాడ కథలో ఒక్క ధనవంతుడు ఉన్నాడు. అంత ఆస్తి లేని ఊరి సంగతేంటి? దీనికి జవాబు తమిళనాడులోని విరుదునగర్‌లో ఉంది. మనకు కామరాజ్ సొంతూరుగా తెలుసు. ఆ జిల్లాలోనే ఉన్న రాజపాళెంలో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి మనకు మరీ పరాయి ప్రాంతమేం కాదు.

విరుదునగర్ వ్యాపారుల ఊరు. నూనెలు, మిరపకాయలు, పత్తి.. ఏది పండినా పండకపోయినా బేరం మాత్రం అక్కడ జరిగేది. ఆ వ్యాపారంలో ఎక్కువమంది నాడార్లు. అప్పట్లో ఆ కులం మీద అంటరానితనానికి దగ్గరగా ఉండే ఆంక్షలు ఉండేవి. గుళ్లలోకి రానిచ్చేవారు కాదు. దాంతో వాళ్లు తమ పిల్లల చదువు తామే చూసుకోవాలనుకున్నారు. 'మహిమై' అనే పద్ధతి పెట్టుకున్నారు. బజారులో కొన్నా అమ్మినా, సరుకు మీద ఇంత అని ఉమ్మడి నిధికి వేయాలి. పెద్ద వ్యాపారి ఎక్కువ వేస్తాడు, చిన్న వ్యాపారి తక్కువ వేస్తాడు, వేయనివాడు మాత్రం ఉండడు. ఇళ్లలో ఆడవాళ్లు పొయ్యి వెలిగించే ముందు రోజూ పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టేవారు. ఆ బియ్యం పోగేసి బడికి ఇచ్చేవారు.

అలా 1889లో వచ్చిందే క్షత్రియ విద్యాశాల. 1903లో పుట్టిన కామరాజ్ చదువుకుంది ఆ బడిలోనే. తండ్రి పోవడంతో చిన్న వయసులోనే చదువు మానేశారు. అది వేరే సంగతి. కానీ 1954లో ముఖ్యమంత్రి అయ్యాక ఆయన ఏం చేశారో చూడండి. 1956లో బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టారు. తొలినాళ్లలో ఆ ఖర్చులో కొంత వాటా స్థానికులే పెట్టుకున్నారు. ఆ తర్వాత 1958 నుంచి ఊరూరా 'బడి బాగు' సభలు పెట్టి, మీ బడికి ఏం కావాలో మీరే లిస్ట్ రాయండి, మీరే తెచ్చివ్వండి అన్నారు. జనం తెచ్చిచ్చారు. పిడికెడు బియ్యం చూసి పెరిగిన మనిషికి ఈ ఐడియా రావడంలో ఆశ్చర్యమేముంది?

మన దగ్గరా ఈ లెక్క వేసుకోవచ్చు. ఒక మండల కేంద్రంలో 20 మంది వ్యాపారులు నెలకు తలా రూ.500 వేసుకున్నారనుకోండి. నెలకు 10 వేలు. ఏడాదికి లక్షా 20 వేలు. ఏ ఒక్కరి జేబుకూ బరువు కాదు. ఒక వ్యాపారి దివాలా తీసినా, ఊరు మారినా నిధి ఆగదు. ఆ డబ్బుతో కొత్త భవనం రాదు. కానీ మోటార్ రిపేర్, బాత్రూమ్ కడిగే మనిషికి నెల నెలా కొంత, ఆర్వో ఫిల్టర్, సాయంత్రం స్టడీ అవర్‌కు అటుకులో ఉప్మానో.. ఇవన్నీ గడిచిపోతాయి.

ఒక్క చేతి మీద నిలబడితే..

దీనికి పూర్తి రివర్స్ కేసు కూడా తెలుగు నేల మీదే జరిగింది. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం 2001లో బైర్రాజు ఫౌండేషన్ పెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 200 గ్రామాల్లో బడులు, వైద్యం, తాగునీరు.. చాలా పనులు చేసింది. ఊరి కమిటీలను కలుపుకొని పనిచేయడం వల్ల దానికి మంచి పేరు కూడా వచ్చింది. 2009 జనవరి 7న ఖాతాల్లో మోసం జరిగిందని రామలింగరాజు లెటర్ రాశారు. కంపెనీ కూలింది, దాంతోపాటే ఫౌండేషన్‌కు వచ్చే డబ్బూ ఎండిపోయింది. ఆ ఊళ్ల పిల్లలు చేసిన తప్పేమీ లేదు.

అదే కుటుంబం 2005లో మొదలుపెట్టిన 108 అంబులెన్స్ మాత్రం ఆగలేదు. ఎందుకంటే అప్పటికే దాని నిర్వహణ ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వం భరిస్తోంది. నడిపించే బాధ్యత జీవీకే తీసుకుంది. కుయ్ కుయ్ మంటూ బండి రోడ్డు మీద తిరుగుతూనే ఉంది.

'శ్రీమంతుడు' సినిమా 2015లో వచ్చాక ఊరి దత్తత అనే మాట ప్రతి ఇంట్లో వినిపించింది. మంచిదే. కాకపోతే సినిమా రెండున్నర గంటల్లో అయిపోతుంది. దత్తత తీసుకున్న ఊరిలో ఒకటో తరగతి పిల్లాడు పదో తరగతికి రావాలంటే పదేళ్లు పడుతుంది.

డబ్బు ఏ గుమ్మం నుంచి రావాలి?

ఇక ప్రాక్టికల్ విషయం. దాత రెడీ, డబ్బు రెడీ. ఎవరి చేతికి ఇవ్వాలి? హెడ్‌మాస్టర్ చేతికా, సర్పంచ్‌కా, లోకల్ లీడర్‌కా?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికి ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. బడికి ప్రభుత్వం నుంచే కాదు, 'మరే ఇతర మార్గం' నుంచి వచ్చిన నిధులనైనా ఎలా ఖర్చు చేశారో చూసే అధికారం ఈ కమిటీకి ఉంది. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది కూడా ఈ కమిటీయే. కాబట్టి దాత అడగాల్సిన మొదటి కాగితం ఆ ప్రణాళిక. అందులో లేని వస్తువు ఇస్తున్నారంటే అది బడికి కాదు, ఫొటోకు.

చాలా ఊళ్లలో ఈ కమిటీలు కాగితం మీదే ఉంటాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. కూలికి పోయే తల్లిని మీటింగ్‌కు పిలిచి సంతకం పెట్టించుకుని పంపేస్తారు. వ్యాపారి ఇక్కడే డబ్బు కంటే ఎక్కువ సాయం చేయగలడు. జమా ఖర్చు రాయడం, మూడు కొటేషన్లు తెప్పించడం, సిమెంట్ బస్తా అసలు రేటెంతో చెప్పడం.. రోజూ చేసే పనే కదా. నెలకోసారి ఆ తల్లుల పక్కన కూర్చుని లెక్క చదివి వినిపిస్తే చాలు. కుర్చీ మాత్రం వాళ్లదే, పెత్తనం ఈయనది కాకూడదు.

రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు దాతల కోసం తలుపులు తెరిచాయి. ఏపీలో 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన 'నాడు-నేడు' తొలి విడతలో 15,715 బడులను తీసుకుని, పనులను తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా చేయించారు. తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' మొదలైంది. 26,065 బడులకు 7,289.54 కోట్ల అంచనా. పెద్ద మొత్తం ఇచ్చిన దాతల పేరు తరగతి గదికి, బడికి పెట్టే వీలు కూడా కల్పించారు. కేంద్రం 2021 సెప్టెంబర్‌లో విద్యాంజలి పోర్టల్ కొత్త రూపం తెచ్చింది. అందులో బడి తనకేం కావాలో పెడుతుంది. వస్తువు ఇస్తారా, వచ్చి పాఠం చెబుతారా అన్నది దాత ఇష్టం.

గమనించాల్సింది ఇంకోటి ఉంది. నిర్వహణ ఖర్చు ఎంత పెద్ద సమస్యో ప్రభుత్వాలకూ అర్థమైంది. అమ్మఒడి రోజుల్లో తల్లుల ఖాతాలో వేసే రూ.15 వేలలో నుంచి బాత్రూమ్‌ల నిర్వహణకు రూ.1,000 తగ్గించారు. తర్వాత బడి నిర్వహణకు మరో వెయ్యి. 2025లో వచ్చిన తల్లికి వందనంలోనూ రూ.2 వేలు మినహాయించి రూ.13 వేలు వేశారు. పార్టీలు మారినా ఆ రెండు వేలు మారలేదు.

బ్యాగులు లెక్కపెట్టడం ఈజీ.. చదువును లెక్కపెట్టేదెలా?

అసలు విషయం ఇంకా ఉంది. మోటార్ నడిచింది, బాత్రూమ్ బాగుంది, బెంచీలు వచ్చాయి. పిల్లలకు చదువు వచ్చిందా?

ప్రథమ్ సంస్థ ఊళ్లలో ఇంటింటికీ తిరిగి చేసే 'అసర్' సర్వే పద్ధతి చాలా సింపుల్. పిల్లాడి చేతికి రెండో తరగతి స్థాయి పాఠం ఇచ్చి చదవమంటారు. 2024 సర్వేలో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో ఆ పాఠం చదవగలిగింది 23.4 శాతమే. అంతకుముందు సర్వే కంటే ఇది మెరుగే. అయినా నలుగురిలో ముగ్గురు చదవలేకపోతున్నారు.

ఈ పరీక్షకు డిగ్రీలు అక్కర్లేదు. దాత ఎవరైనా తను సాయం చేసే బడిలో జూన్‌లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి హెడ్‌మాస్టర్ అనుమతితో పిల్లలతో చదివించి చూడొచ్చు. ఎంతమంది చదివారు అన్న ఒక్క నంబర్ చాలు. చదవలేని పిల్లలను తరగతితో సంబంధం లేకుండా వాళ్ల స్థాయిని బట్టి గ్రూపులు చేసి, రోజూ ఓ గంట చదివించే పద్ధతిని చాలా రాష్ట్రాల్లో వాడారు. దానికి కావాల్సింది ఇంటర్, డిగ్రీ చదివిన లోకల్ అమ్మాయో అబ్బాయో ఒకరు. ఆ వలంటీర్‌కు నెల నెలా గౌరవ వేతనం ఇచ్చే బాధ్యత వ్యాపారులు తీసుకుంటే, బ్యాగుల ఖర్చు కంటే అది ఎన్నో రెట్లు పనికొస్తుంది. ఫొటోలో మాత్రం అంత బాగా కనిపించదు.

ఇక్కడే ఓ జాగ్రత్త. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. దాత పెట్టిన వలంటీర్ ఉన్నాడు కదా అని ఖాళీ పోస్టు అలాగే వదిలేస్తే ఊరికి సాయం కాదు, నష్టం. టీచర్‌ను వేయాల్సింది ప్రభుత్వం. ఆ అర్జీ మీద సంతకం పెట్టే మొదటి మనిషి ఆ దాతే అయితే ఎంఈవో ఆఫీసులో ఫైల్ కాస్త త్వరగా కదులుతుంది. ఊరి పెద్ద వ్యాపారి మాటకున్న బరువు కూలి తల్లి మాటకు లేకపోవడం బాధాకరమే. ఉన్న బరువును వాడుకోవడంలో తప్పు లేదు కదా.

అలాగే కొన్ని షరతులకు కమిటీ నో చెప్పాలి. షాపు ఓపెనింగ్‌కు పిల్లలను ర్యాలీగా పంపమంటే పంపకూడదు. బడి స్థలంలో హోర్డింగ్ పెట్టుకుంటానంటే కుదరదు. వచ్చే ఎన్నికల్లో నిలబడే ఆలోచన ఉన్నవాళ్ల ఫ్లెక్సీల విషయంలో మరీ జాగ్రత్త. సాయం తీసుకున్న పిల్లాడి ఫొటో, పేరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా మానుకుంటే మంచిది. ఆ పిల్లాడు రేపు పెద్దవాడవుతాడు.

లెటర్ ఎప్పుడు పెట్టాలి?

చివరిగా టైమింగ్. కంపెనీల ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఏ పనికి ఎంత ఖర్చు పెట్టాలో సీఎస్ఆర్ కమిటీ వార్షిక ప్రణాళిక తయారు చేస్తుంది, బోర్డు ఆమోదిస్తుంది. సీఎస్ఆర్ మొత్తం ఏడాదికి 50 లక్షలు దాటని కంపెనీలకు ఆ కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే నిర్ణయిస్తుంది. అంటే మన జిల్లాల్లోని మధ్యతరహా కంపెనీల్లో నేరుగా యజమానితో మాట్లాడితే పని అవుతుంది.

స్వచ్ఛంద సంస్థ ద్వారా చేయిస్తే ఆ సంస్థకు 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లతో పాటు సీఎస్ఆర్-1 ఫారం కింద వచ్చే నంబర్ ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. కంపెనీ నేరుగా చేస్తే ఇవేమీ అక్కర్లేదు. అర్జీతో పాటు బడి అభివృద్ధి ప్రణాళిక, కమిటీ తీర్మానం కాపీ, ఎంఈవో లేదా డీఈవో సమ్మతి, మూడేళ్ల నిర్వహణ ఖర్చుతో కలిపిన అంచనా జత చేయాలి.

ఇవన్నీ జనవరి, ఫిబ్రవరి నాటికి కంపెనీ టేబుల్ మీద ఉండాలి. జూన్ 12న బడి గంట కొట్టాక రాసిన లెటర్ చాలాసార్లు మరుసటి ఏడాది ఫైల్‌లోకి వెళ్లిపోతుంది. ఆ ఏడాదికి ఊరికి దొరికేది మళ్లీ బ్యాగులే.